బలమైన ఇంజనుకు తగిన గేరు పెట్టె
కోబ్రా నమూనా కారును స్వయంగా కట్టుకొనదలచిన వారికి కొంత యంత్రశాస్త్రం

కారు గేర్లను గురించిన వ్యాసానికి సంఘ సంచికలోని విజ్ఞాన విభాగంలో చోటెందుకని కొందరు చదువరులకు సందేహం కలుగవచ్చును. ఈ దేశంలో పుట్టి పెరిగిన మన పిల్లలలో అనేకులకు ఎడమకాలితో క్లచ్ తొక్కవలసిన అవసరమే రాలేదు. స్వదేశంలో అంబాసిడర్ కారు స్టీరింగు కింద ఉండే గేరు కర్రను లాగి నడిపిన పెద్దలు కూడా ఇక్కడికి వచ్చిన తరువాత ఆ విద్యను దాదాపు మరచిపోయారు. అయినప్పటికీ ఇంటి గరాజులో పాతకాలపు పందెపు కారు నమూనాను సొంత చేతులతో కట్టుకోవాలనే కోరిక మన కుటుంబాలలోని యువకులకు, యువతులకు కలుగుతూనే ఉన్నది. అటువంటి కోరిక కలిగినప్పుడు అందరి దృష్టీ మొదట ఇంజను మీదికి పోతుంది. ఎన్ని అశ్వశక్తులు, ఎంత రంకె అనే ముచ్చట్లతో కాలం గడుస్తుంది. గేరు పెట్టె సంగతి చివరకు గుర్తుకు వస్తుంది. కారు సుఖంగా నడుస్తుందా, ప్రమాదకరంగా నడుస్తుందా, పెట్టిన డబ్బు నిలుస్తుందా అన్న ప్రశ్నలకు సమాధానం చాలావరకు ఆ పెట్టెలోనే ఉన్నది. ఉన్నత పాఠశాలలో నేర్చిన గుణకార భాగహారాలతోనే ఆ సమాధానాన్ని సాధించవచ్చునని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కోబ్రా కథ

ముందుగా కారును పరిచయం చేసుకొందాము. ఇంగ్లండులో ఏ.సి. కార్స్ అనే చిన్న కంపెనీ ఏస్ అనే తేలికైన రెండు సీట్ల కారును తయారుచేసేది. టెక్సస్ రాష్ట్రానికి చెందిన కారోల్ షెల్బీ 1959లో ఫ్రాన్సులోని లె మాన్స్ ఇరవైనాలుగు గంటల పందెంలో రాయ్ సాల్వడోరితో కలిసి గెలిచిన డ్రైవరు. ఈయన 1962లో ఆ తేలికైన కారులో ఫోర్డు కంపెనీ వి-8 ఇంజనును అమర్చి కోబ్రాను సృష్టించాడు. మొదట 260 ఘనపు అంగుళాల ఇంజను, పిమ్మట 289, ఆపైన 1965లో మరింత దృఢమైన చట్రంతో 427 ఘనపు అంగుళాల ఇంజను వచ్చినవి. చివరిదానిని లీటర్లలో చెప్పాలంటే ఏడు. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య దూరం మాత్రం 90 అంగుళాలే. కుందేలు పిల్లకు పులి గుండెను పెట్టినట్లయినది.

అసలు కోబ్రాలు దాదాపు వెయ్యి మాత్రమే తయారైనవి కనుక నేడు వాటి ధర సామాన్యులకు అందేది కాదు. ఆ కొరతలోనుంచే నమూనా కార్ల పరిశ్రమ పుట్టినది. 1995లో మసాచుసెట్స్‌లో ఆరంభమైన ఫాక్టరీ ఫైవ్ రేసింగ్ వంటి సంస్థలు చట్రం, ఒళ్ళు, ఇతర భాగాలు పెట్టెలలో పెట్టి ఇంటికి పంపుతాయి. ఇంజను, గేరు పెట్టె, వెనుక ఇరుసు మొదలైనవాటిని కొనుగోలుదారు వెదకి తెచ్చుకొని అమర్చుకొంటాడు. గేరు పెట్టెను ఎన్నుకొనే బాధ్యత ఆ విధంగా మన మీద పడుతున్నది.

గేర్లు ఎందుకు?

పెట్రోలు ఇంజను నిమిషానికి కొన్ని వందల చుట్లకు తక్కువగా తిరగలేదు, ఆగిపోతుంది. ఆరేడు వేల చుట్లకు మించి తిరగరాదు, చెడిపోతుంది. కదలకుండా నిలిచి ఉన్న చక్రానికీ, గంటకు వంద మైళ్ళ వేగంతో పరుగెత్తే చక్రానికీ ఇదే ఇంజను పని చేయాలి. ఈ రెండింటి మధ్య దుబాసిగా నిలిచేది గేరు పెట్టె.

ఇంజను అందించే మెలితిప్పు బలాన్ని టార్క్ అంటాము. ఈ దేశంలో దీనిని పౌండు-అడుగులలో కొలుస్తారు. ఒక అడుగు పొడవున్న పానా చివర ఒక పౌండు బలంతో నొక్కితే కలిగే మెలికకు ఒక పౌండు-అడుగు అని పేరు. ఇంజనువైపున్న చిన్న పళ్ళచక్రం మూడు చుట్లు తిరిగినప్పుడు చక్రాలవైపున్న పెద్ద పళ్ళచక్రం ఒక చుట్టు తిరిగితే నిష్పత్తి మూడు. అప్పుడు వేగం మూడవ వంతు అవుతుంది, టార్క్ మూడింతలవుతుంది. రాపిడిలో పోయే కొద్దిపాటి శక్తిని మినహాయిస్తే, వేగంలో తగ్గినంత బలంలో పెరుగుతుంది. తిరుమల ఘాటు రోడ్డు ఎక్కే బస్సు కింది గేరులో మూలుగుతూ నెమ్మదిగా, కాని గట్టిగా ఎక్కడానికి కారణమిదే.

పెట్టె నుండి వెలువడిన బలాన్ని వెనుక ఇరుసులోని పళ్ళచక్రాలు మరొకసారి హెచ్చిస్తాయి. కనుక పెట్టె నిష్పత్తినీ, ఇరుసు నిష్పత్తినీ గుణించినప్పుడు వచ్చే మొత్తమే అసలైన సంఖ్య. ఒకదానిని విడిచి రెండవదానిని ఎన్నుకొనడం వరుని చూడకుండా ముహూర్తం పెట్టడం వంటిది.

పెట్టె లోపల

ఆధునికమైన చేతిగేరు పెట్టెలో అన్ని జతల ముందుగేర్ల పళ్ళూ ఎల్లప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతూ ఉంటాయి. గేరు మార్చడమంటే పళ్ళచక్రాలను జరపడమని చాలామంది అనుకొంటారు. నిజానికి మనం జరిపేది ఒక స్లీవును. మెయిన్ షాఫ్టు మీద వదులుగా తిరుగుతున్న పళ్ళచక్రాలలో కావలసినదానిని ఆ స్లీవు షాఫ్టుకు బిగిస్తుంది. బిగించే ముందు రెండింటి వేగాలూ సమానం కావాలి. సమానం కాకపోతే గరగరమని పళ్ళు కొరుకుతాయి. వేగాలను సమానం చేసేది సింక్రోనైజర్ అనే శంకువు ఆకారపు ఉంగరం. అది రాపిడి ద్వారా ఒక చిన్న బ్రేకువలె పనిచేసి, వేగాలు కలిసేవరకూ స్లీవును ముందుకు పోనివ్వదు. ఈ ఏర్పాటు 1928లో కాడిలాక్ కార్లలో మొదటిసారిగా మార్కెట్టులోకి వచ్చినది. అది లేని పాత లారీలలో డ్రైవర్లు క్లచ్‌ను రెండుసార్లు తొక్కి, మధ్యలో ఇంజనును రేపి, వేగాలను తామే చెవితో సరిపెట్టుకొనేవారు.

పళ్ళు ఏటవాలుగా కోసి ఉంటాయి. ఏటవాలు పళ్ళు ఒకదాని వెంట ఒకటి మెల్లగా కలుస్తాయి కనుక చప్పుడు తక్కువ. అయితే ఆ వాలు వలన బలంలో కొంత భాగం షాఫ్టును పొడవునా పక్కకు నెడుతుంది. పళ్ళు ఒకదాని నుండి ఒకటి విడిపోవాలని కూడా ప్రయత్నిస్తాయి. ఆ నెట్టుడును ఓర్చుకొనవలసినవి బేరింగులు, పెట్టె గోడలు. గోడలు ఏమాత్రం వంగినా పళ్ళు అంచుల మీద మాత్రమే తాకి, అక్కడే విరుగుతాయి. పెట్టె దృఢత్వమంటే పళ్ళ దృఢత్వం ఒక్కటే కాదని దీనివలన తెలుస్తున్నది.

మొదటి లెక్క: నేల పట్టు

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకొందాము. ఇంజను గరిష్ఠ టార్క్ 450 పౌండు-అడుగులు. వెనుక ఇరుసు నిష్పత్తి 3.55. టైరు వ్యాసం 26 అంగుళాలు, అనగా వ్యాసార్ధం 13 అంగుళాలు లేక 1.083 అడుగులు. డ్రైవరుతో కలిపి కారు బరువు 2,500 పౌండ్లు.

మొదటి గేరు నిష్పత్తి 2.87 అనుకొందాము. 450ను 2.87తోను, 3.55తోను గుణిస్తే వెనుక ఇరుసు వద్ద సుమారు 4,585 పౌండు-అడుగులు వస్తాయి. దీనిని 1.083తో భాగిస్తే 4,230 పౌండ్ల నెట్టుబలం. రాపిడి నష్టాలకు నూటికి పదిహేను వంతులు తీసివేస్తే సుమారు 3,600 పౌండ్లు మిగులుతాయి.

ఇక టైర్లు నేలను ఎంత పట్టుకోగలవు? కారు బరువులో సుమారు సగం, అనగా 1,250 పౌండ్లు, వెనుక చక్రాల మీద ఉంటుంది. కారు ముందుకు దూకేటప్పుడు మరో మూడు వందల పౌండ్లు వెనుకకు మళ్ళుతుంది. పొడి రోడ్డు మీద మామూలు టైర్ల రాపిడి గుణకం ఒకటికి దగ్గరగా ఉంటుంది. కనుక టైర్లు జారకుండా నెట్టగలిగినది సుమారు 1,500 పౌండ్లు మాత్రమే. మనమేమో 3,600 పౌండ్లను వాటి మీద మోపుతున్నాము.

ఇదే లెక్కను తక్కిన గేర్లకు చేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. రెండవ గేరులో, నిష్పత్తి 1.89 అయినప్పుడు, 2,370 పౌండ్లు. మూడవ గేరులో, 1.28కి, 1,600 పౌండ్లు. నాలుగవ గేరులో, 1.00కి, 1,250 పౌండ్లు. అనగా ఈ కారులో మూడవ గేరులో కూడా ఆక్సిలరేటరును పూర్తిగా తొక్కితే, ఇంజను గరిష్ఠ టార్క్ అందుకొన్న క్షణంలో పొడి రోడ్డు మీదనే చక్రాలు జారగలవు. వాన పడితే పట్టు ఇంకా తగ్గిపోతుంది.

దీనినుండి వచ్చే మొదటి సూత్రం సులభమైనది. తేలికైన కారుకూ బలమైన ఇంజనుకూ మొదటి గేరు నిష్పత్తి చిన్నదిగా ఉండాలి. బరువైన సెడాన్‌ను కదిలించడానికి 3.35 వంటి పెద్ద నిష్పత్తి ఉపకరిస్తుంది. కోబ్రాలో అదే నిష్పత్తి టైర్లను కాల్చడానికి తప్ప మరెందుకూ పనికిరాదు. మొదటి గేరునూ ఇరుసునూ గుణించిన మొత్తం తొమ్మిది, పది మధ్య ఉంటే ఇటువంటి కారుకు చాలును. 2.87ను 3.55తో గుణిస్తే 10.2. అదే పెట్టెకు 3.27 ఇరుసు జతచేస్తే 9.4. మొదటి గేరు 3.27, ఇరుసు 3.55 అయితే 11.6. ఈ చివరి జతలో మొదటి గేరు గంటకు నలభై మైళ్ళకే ముగిసిపోతుంది. బయలుదేరిన వెంటనే, కారు ఇంకా కుదురుకొనకముందే, గేరు మార్చవలసి వస్తుంది.

రెండవ లెక్క: దూరపు ప్రయాణం

కారు ఏ వేగంతో పోతున్నప్పుడు ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుసుకోవడానికి ఒక చిన్న సూత్రం ఉన్నది. గంటకు మైళ్ళలో వేగాన్ని 336తోను, గేరు నిష్పత్తితోను, ఇరుసు నిష్పత్తితోను గుణించి, టైరు వ్యాసంతో, అంగుళాలలో, భాగించాలి. 336 ఎక్కడిదని పిల్లలు అడిగితే చెప్పడం కూడా తేలికే. మైలుకు 63,360 అంగుళాలు. దానిని అరవై నిమిషాలతోను, వృత్త పరిధి లెక్కలో వచ్చే 3.1416తోను భాగిస్తే వచ్చేది ఆ సంఖ్యయే.

గంటకు 70 మైళ్ళ వేగం వద్ద, మన ఉదాహరణలోని 3.55 ఇరుసుతో ఫలితాలు ఇవి:

నిష్పత్తి 1.00 అయితే 3,210 చుట్లు.
నిష్పత్తి 0.81 అయితే 2,600 చుట్లు.
నిష్పత్తి 0.68 అయితే 2,180 చుట్లు.
నిష్పత్తి 0.63 అయితే 2,020 చుట్లు.
నిష్పత్తి 0.50 అయితే 1,600 చుట్లు.

అసలు కోబ్రాలకు నాలుగే గేర్లు, నాలుగవది 1.00. పైకప్పు లేని కారులో, చెవి పక్కనే పొగగొట్టాలు మోగుతూ ఉండగా, 3,200 చుట్లతో రెండు గంటలు ప్రయాణించడం ఎవరికైనా తలనొప్పియే. పక్క సీటులో కూర్చున్నవారితో మాటలు సాగవు, పెట్రోలు కూడా ఎక్కువ ఖర్చవుతుంది. అందుకే 1.00 కంటె తక్కువ నిష్పత్తి గల ఐదవ గేరు, అనగా ఓవర్‌డ్రైవు, కుటుంబ సౌఖ్యానికి అవసరం.

తక్కువైనకొద్దీ మంచిదని కూడా అనుకోరాదు. పందెపు కామ్‌షాఫ్టు గల పెద్ద ఇంజన్లు 1,600 చుట్ల వద్ద సాఫీగా తిరగవు, కుదుపులతో ఏడుస్తాయి. 0.50 నిష్పత్తి ఉన్న ఆరవ గేరు అటువంటి ఇంజనుకు 70 మైళ్ళ వేగంలో నిరుపయోగం. మీ ఇంజను ఎన్ని చుట్ల వద్ద నుండి నిబ్బరంగా లాగుతుందో కనుక్కొని, ఆ తరువాతనే చివరి గేరును నిర్ణయించుకోవాలి.

మూడవ లెక్క: మెట్ల ఎత్తు

గేర్ల వరుస ఒక మెట్ల వరుస వంటిది. మెట్టుకూ మెట్టుకూ ఎత్తు సమంగా ఉంటే ఎక్కడం సుఖం. 6,000 చుట్ల వద్ద గేరు మార్చితే 2.87 నుండి 1.89కి పోయినప్పుడు ఇంజను 3,950 చుట్లకు దిగుతుంది. 1.89 నుండి 1.28కి 4,060. 1.28 నుండి 1.00కి 4,690. అక్కడి నుండి 0.68కి పోతే 4,080, 0.81కి పోతే 4,860.

వారాంతంలో పందెపు బాట మీద కారును పరుగెత్తించదలచినవారికి 0.81 ఐదవ గేరు నిజమైన ఐదవ గేరుగా పనికివస్తుంది, ఇంజను తన బలమైన వేగాలలోనే ఉంటుంది. రోడ్డు మీద తిరిగేవారికి 0.68 విశ్రాంతి గేరుగా మంచిది. ఒకే పెట్టె ఈ రెండు రకాలుగానూ దొరుకుతున్నప్పుడు, ఆర్డరు ఇచ్చే ముందు ఏది కావాలో తేల్చుకోవడం అవసరం.

ఎంత బలానికి ఎంత పెట్టె?

ప్రతి పెట్టెకూ తయారీదారు ఒక టార్క్ పరిమితిని ప్రకటిస్తాడు. ఇప్పుడు ముఖ్యమైనవాటిని వరుసగా చూద్దాము.

టాప్‌లోడర్: ఫోర్డు 1964లో ప్రవేశపెట్టిన నాలుగు గేర్ల పోత ఇనుప పెట్టె. మూత పైభాగాన ఉండడంవలన ఆ పేరు వచ్చినది. ఉక్కు గుండె గలది. 427 కోబ్రాలలో ఇదే ఉండేది. దగ్గరి నిష్పత్తుల రకంలో మొదటి గేరు 2.32, దూరపు నిష్పత్తుల రకంలో 2.78. చరిత్రకు నమ్మకంగా ఉండాలనుకొనేవారికి ఇది సరియైనది. ఓవర్‌డ్రైవు లేదు.

టి-5: బోర్గ్ వార్నర్ సంస్థ రూపొందించిన ఐదు గేర్ల అల్యూమినియం పెట్టె. 1983 నుండి మస్టాంగు కార్లలో వచ్చినందున పాత విడిభాగాల దుకాణాలలో విరివిగా దొరికేది. బరువు సుమారు 75 పౌండ్లే, గేరు మార్చడం వెన్నలో కత్తి దింపినట్లుంటుంది. మస్టాంగులో వచ్చిన సాధారణ రకాలలో మొదటి గేరు 3.35, పరిమితి రకాన్నిబట్టి 265 నుండి 300 పౌండు-అడుగులు. జెడ్ రకంలో మొదటి గేరు 2.95, పరిమితి 330.

టి.కె.ఓ., టి.కె.ఎక్స్.: మెక్సికో దేశపు ట్రెమెక్ సంస్థవి. ఈ సంస్థయే 1990ల మధ్యలో బోర్గ్ వార్నర్ చేతిగేరు వ్యాపారాన్ని తీసుకొన్నది. టి.కె.ఓ. 600 అనే రకానికి 600 పౌండు-అడుగుల పరిమితి ఉండేది. బలమైనదే గాని, ఎక్కువ చుట్ల వద్ద గేరు మార్చడానికి కొంత మొరాయించేది. దాని స్థానంలో 2020 చివర వచ్చిన టి.కె.ఎక్స్. ఆ బలాన్నే చిన్న పెట్టెలో ఇముడ్చుకొని, ఎక్కువ చుట్ల వద్ద కూడా సాఫీగా గేరు మారేటట్లు తయారైనది. బరువు సుమారు 100 పౌండ్లు.

టి-56 మాగ్నమ్: ఆరు గేర్లది. దీని పూర్వరూపం 1992లో డాడ్జ్ వైపర్ కారుతో వెలుగులోకి వచ్చినది. 2.66 మొదటి గేరు రకానికి పరిమితి 700 పౌండు-అడుగులు. బరువు సుమారు 135 పౌండ్లు. ఆకారం కూడా పెద్దదే.

ఒకే టార్క్‌కు ఒక పెట్టె ఎందుకు విరుగుతుంది, మరొకటి ఎందుకు నిలుస్తుంది? టి-5లో పై షాఫ్టుకూ కింది షాఫ్టుకూ మధ్య దూరం 77 మిల్లీమీటర్లు. టి-56లో 85. దూరం పెరిగితే పళ్ళచక్రాల వ్యాసార్ధం పెరుగుతుంది, అదే మెలికకు పళ్ళ మీద పడే బలం తగ్గుతుంది. పళ్ళ వెడల్పు పెంచడానికీ, షాఫ్టులను లావు చేయడానికీ కూడా చోటు కలుగుతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించదగినది. పళ్ళ మీద పడే బలాన్ని ఇంజను ఒక్కటే నిర్ణయించదు, నేల పట్టు కూడా నిర్ణయిస్తుంది. చక్రం జారిపోతే పెట్టెలోని ఒత్తిడి అక్కడితో ఆగుతుంది. అందువలననే 3,300 పౌండ్ల మస్టాంగులో విరిగే టి-5, తేలికైన కోబ్రాలో మామూలు టైర్లతో ఏళ్ళ తరబడి నిలవడం కద్దు. అదే కారుకు పందెపు జిగురు టైర్లు తొడిగి, క్లచ్‌ను ఒక్కసారిగా వదిలితే, జారిపోయే అవకాశం లేని బలమంతా సమ్మెటపోటువలె పళ్ళ మీద పడుతుంది. పెట్టె అదే, ఇంజను అదే, టైరు మారినందువలన పళ్ళు విరుగుతాయి. కాబట్టి టైర్ల నిర్ణయం కూడా పెట్టె నిర్ణయంలో భాగమే.

అమరిక సంగతులు

కాగితం మీద కుదిరిన పెట్టె కారులో కుదరకపోవచ్చును. నమూనా కార్లలో డ్రైవరుకూ పక్కవారికీ మధ్య ఉండే సొరంగం ఇరుకైనది. ఆరు గేర్ల పెట్టె కొన్ని చట్రాలలో కోతలు కోయనిదే పట్టదు. గేరు కర్ర ఎక్కడ పైకి వస్తుందో కూడా కొలుచుకోవాలి. మోచేయి సీటుకు తగిలితే ఎంత ఖరీదైన పెట్టె అయినా శిక్షగా మారుతుంది.

ఇంజనునూ పెట్టెనూ కలిపే గంట ఆకారపు తొడుగు పేరు బెల్ హౌసింగ్. దీని రంధ్రం క్రాంక్‌షాఫ్టు కేంద్రంతో సరిగా కలవాలి. డయల్ ఇండికేటరును ఫ్లైవీలుకు బిగించి ఒక పూర్తి చుట్టు తిప్పినప్పుడు సూది కదలిక అంగుళంలో వెయ్యింట ఐదు వంతులకు మించరాదని ట్రెమెక్ నిర్దేశిస్తుంది. మించితే బేరింగులు అరుగుతాయి, గేర్లు మొరాయిస్తాయి, తప్పు మాత్రం పెట్టె మీద పడుతుంది. అరగంట శ్రమతో ముగిసే ఈ కొలతను విడువరాదు.

కోబ్రా నమూనాలలో పెట్టె నుండి వెనుక ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు సుమారు అడుగు పొడవు మాత్రమే ఉంటుంది. దాని రెండు చివరల ఉన్న యూనివర్సల్ కీళ్ళు వంకరగా తిరిగినప్పుడు ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం హెచ్చి తగ్గుతుంది. రెండు కీళ్ళ కోణాలూ సమానమైతే ఒకదాని హెచ్చుతగ్గు రెండవదానితో సరిపోతుంది. అసమానమైతే కారంతా వణుకుతుంది.

నూనె విషయంలో కూడా జాగ్రత్త అవసరం. నార పూత ఉన్న సింక్రోనైజర్ ఉంగరాల కొత్త పెట్టెలకు పలుచని నూనె కావాలి. అలవాటు చొప్పున చిక్కటి గేరు నూనె పోస్తే ఉంగరాలు రాపిడిని పట్టుకోలేవు, చలికాలపు ఉదయాలలో గేరు పడదు. తయారీదారు చెప్పిన నూనెనే పోయాలి.

ప్రాణానికి సంబంధించిన మాట

ఈ విభాగాన్ని తల్లిదండ్రులు తప్పక చదవాలని మనవి. నేటి సాధారణ కార్లలో చక్రాలు జారుతున్నప్పుడు కంప్యూటరు ఇంజనును అదుపు చేస్తుంది. ఇంట్లో కట్టుకొన్న నమూనా కార్లలో చాలావాటికి ఆ రక్షణ ఉండదు. 90 అంగుళాల పొట్టి చట్రం వెనుక చక్రాలు జారగానే గిర్రున తిరుగుతుంది. మనం చేసిన మొదటి లెక్క చెప్పినది ఇదే. పెద్ద నిష్పత్తి గల కింది గేర్లు ఆ ప్రమాదాన్ని పెంచుతాయి, చిన్న నిష్పత్తులు డ్రైవరు పాదానికి కొంత వెసులుబాటు ఇస్తాయి.

రెండవ ప్రమాదం గేరు తప్పుగా పడడం. మూడవ గేరులో 6,000 చుట్ల వద్ద నాలుగవ గేరుకు పోబోయి, తొందరలో రెండవ గేరులో వేసి క్లచ్ వదిలితే, ఇంజను చుట్లు 6,000ను 1.89తో గుణించి 1.28తో భాగించినంత అవుతాయి. అనగా సుమారు 8,860. ఆక్సిలరేటరు మీద కాలు లేకపోయినా చక్రాలే ఇంజనును ఆ వేగానికి లాగుతాయి. వాల్వులు వంగవచ్చును, కనెక్టింగు రాడ్డు తెగవచ్చును. అదే క్షణంలో వెనుక చక్రాలు బ్రేకు వేసినట్లు పట్టుకొని కారును తిప్పివేస్తాయి. కనుక గేరు కర్ర కదలిక స్పష్టంగా, వదులు లేకుండా ఉండడం విలాసం క్రిందికి రాదు.

మూడవది కంటికి కనబడనిది. ఎక్కువ చుట్ల వద్ద క్లచ్ గాని ఫ్లైవీలు గాని పగిలితే ముక్కలు తుపాకి గుండ్లవలె ఎగురుతాయి. కోబ్రాలో డ్రైవరు పాదాలు వాటి పక్కనే ఉంటాయి. ఎస్.ఎఫ్.ఐ. ధ్రువీకరణ పొందిన ఉక్కు బెల్ హౌసింగ్, అదే ధ్రువీకరణ గల ఫ్లైవీలు వాడడం ఇందుకే. ఇంజను మీది మెరుపు పూతలకు పెట్టే డబ్బులో కొంత తగ్గించి అయినా వీటిని కొనాలి.

ఎవరికి ఏది?

300 పౌండు-అడుగుల లోపు ఇంజను, మామూలు టైర్లు, సాయంకాలపు షికార్లు అయితే మంచి స్థితిలో ఉన్న టి-5 చాలును. వీలైతే 2.95 మొదటి గేరు రకాన్ని వెదకాలి. 351 లేక పెంచిన 427 ఘనపు అంగుళాల ఇంజను, 400 నుండి 550 పౌండు-అడుగుల టార్క్ అయితే 2.87 మొదటి గేరు గల టి.కె.ఎక్స్. తగినది. రోడ్డుకు 0.68, పందెపు బాటకు 0.81 ఐదవ గేరు. అంతకు మించిన బలం, దూరపు యాత్రలు, సొరంగంలో చోటు ఉంటే మాగ్నమ్, అందులోనూ 0.63 ఆరవ గేరు రకం. పాత కోబ్రాను ఉన్నదున్నట్లు పునరుద్ధరించదలచినవారికి టాప్‌లోడర్. ఇరుసు విషయంలో 3.27కూ 3.55కూ మధ్య ఊగిసలాట కలిగితే, ఇంత బలమైన ఇంజనుకు 3.27 వైపు మొగ్గడం వివేకం.

డబ్బు చెల్లించే ముందు ఒక కాగితం మీద ఆరు సంఖ్యలు వ్రాయండి. ఇంజను గరిష్ఠ టార్క్, ఇంజనుకు ప్రమాదం లేని గరిష్ఠ చుట్లు, కారు బరువు, టైరు వ్యాసం, ఇరుసు నిష్పత్తి, మీరు ఎక్కువగా ప్రయాణించే వేగం. పైన చెప్పిన మూడు లెక్కలను మీ పిల్లల చేతనే చేయించండి. బడిలో నిష్పత్తులు, భాగహారాలు నేర్చుకొనేటప్పుడు ఇవి ఎందుకని అడిగిన పిల్లలకు, తమ లెక్క తప్పితే పళ్ళు విరిగేది నిజమైన ఉక్కులోనని తెలిసినప్పుడు, జవాబును రెండుసార్లు సరిచూసుకొనే అలవాటు తనంత తానే వస్తుంది.